ధర్మపురిలో పాత ప్రెస్ కొనడానికి వెళ్లిన రోజు

ధర్మపురి వెళ్లొచ్చానంటే చాలు, హొగెనకల్ జలపాతం ఎలా ఉందని అడుగుతారు. నేను జలపాతం చూడలేదు. పెన్నాగరం మీదుగా అక్కడికి వెళ్లే బస్సు బస్టాండులో నా కళ్ల ముందే కదిలింది. ఎక్కలేదు. మూతపడుతున్న ఒక చిన్న ఫ్యాక్టరీలో రేకును కొట్టి కోసే పాత పవర్ ప్రెస్ ఒకటి అమ్మకానికి ఉందంటే దాన్ని చూడటానికి వెళ్లాను. గుళ్ల గురించో, తిండి గురించో చదవడానికి ఈ బ్లాగుకు వచ్చేవాళ్లు ఈసారికి నన్ను మన్నించాలి. నాలాగే చిన్న షెడ్డు నడుపుకుంటూ, సెకండ్‌హ్యాండ్ మెషీన్ల కోసం హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వైపు వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు కొందరైనా ఉంటారు. ఇది వాళ్ల కోసం.

మాది హిందూపురం. మా ఆయనా నేనూ కలిసి రేకు పని షెడ్డు నడుపుతాం. ఇనుప రేకును ప్రెస్సుల మీద కొట్టి, వంచి, బండ్ల కంపెనీలకు చిన్న చిన్న విడిభాగాలు చేసిస్తాం. పనివాళ్లు పదిమంది కూడా ఉండరు. కొన్నేళ్లుగా మాకు పని ఇస్తున్న ఒక పెద్ద కంపెనీ ఆ మధ్య కొత్త ఆర్డరు ఇస్తానంది. మోటార్ సైకిల్ సైలెన్సర్‌ను బండికి పట్టి ఉంచే బ్రాకెట్ అది. రేటు తక్కువే, కానీ ఏడాది పొడవునా ఉండే పని. రాత్రంతా లెక్కలు వేసుకుని ఒప్పుకున్నాం. చిక్కేమిటంటే ఆ బ్రాకెట్ కొట్టాలంటే మా దగ్గరున్న ప్రెస్సులు చాలవు. కొత్త పెద్ద ప్రెస్ కొనే స్థోమత లేదు, షెడ్డు పత్రాలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. మెషీన్లు ఇప్పించే హోసూరు బ్రోకరు ఒకాయన ఫోన్ చేసి, ధర్మపురిలో సరిగ్గా మాకు కావలసిన సైజుది ఉందనీ, నడుస్తున్న ప్రెస్సేననీ, షెడ్డు మూసేస్తున్నారు కాబట్టి అమ్ముతున్నారనీ, అదీగాక తెలుగువాళ్లేననీ చెప్పాడు. ఆ వారం మా ఆయన షెడ్డు వదిలి రాలేని పరిస్థితి. నేను బయలుదేరాను.

హిందూపురంలో తెల్లవారుజామున రైలెక్కితే రెండు గంటల్లో బెంగళూరు. టికెట్టు వంద రూపాయల్లోపే. అక్కడి నుంచి ధర్మపురికి శాంతినగర్ బస్టాండులో తమిళనాడు ప్రభుత్వ బస్సులు దొరుకుతాయి. రెండు వందల్లోపు అవుతుంది, ట్రాఫిక్‌ను బట్టి మూడు గంటలో మూడున్నరో పడుతుంది. ఎక్కేముందు ఒక్క మాట అడగండి. సేలం వెళ్లే బస్సులు కొన్ని ఊళ్లోకి రావు, ధర్మపురి బైపాస్‌లో దింపేసి అటే తొప్పూరు ఘాటు వైపు వెళ్లిపోతాయి. సామానుతో ఉన్నవాళ్లకు అక్కడి నుంచి ఊళ్లోకి రావడం ప్రయాస. ఊరి బస్టాండుకు వెళ్లే బస్సేనా అని కండక్టర్‌ను అడిగి ఎక్కితే మంచిది.

అత్తిబెలె దాటాక హోసూరు దాకా రోడ్డుకు రెండు వైపులా ఫ్యాక్టరీలే. గోడల మీద ఎలక్ట్రిక్ స్కూటర్ల బొమ్మలు, కొత్త ప్లాంట్ల శంకుస్థాపన బోర్డులు, పనివాళ్లను దింపి ఖాళీగా నిలబడ్డ కంపెనీ బస్సుల వరసలు. కిటికీ పక్కన కూర్చుని అవన్నీ చూస్తుంటే నాకు సంతోషమే వేసింది. ఇంత పని జరుగుతున్న చోట మనకు నాలుగు గింజలు రాలకపోతాయా అనుకున్నాను. కృష్ణగిరి దాటి, మామిడి తోటల మధ్యగా సాగి, పదిన్నర ప్రాంతంలో ధర్మపురి బస్టాండులో దిగాను. ఎదురుగా ఉన్న హోటల్లో రెండు ఇడ్లీ, ఒక వడ తిని కాఫీ తాగితే అరవై రూపాయలు కూడా కాలేదు.

నేను వెళ్లాల్సిన షెడ్డు చెట్టికరై వెళ్లే దారిలో, ఇంజనీరింగ్ కాలేజీకి ఇవతల ఉంది. ఆటో అతను నూటయాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు. పేరు మాదేష్, ముప్పై దాటి ఉంటాయి. నాతో తమిళంలోనే బేరమాడాడు. దారిలో నేను మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడటం విని వెనక్కి తిరిగాడు.

"తెలుగాక్కా మీరు? మా ఇంట్లో గూడ తెలుగే. చదివేదానికి రాదు, మాట్లాడేది మాత్రం వస్తాది."

ఆటో నడపకముందు ఏం చేసేవాడివని అడిగాను.

"హోసూరులో కంపెనీకి పోతా ఉంటిని. కాంట్రాక్టు. ఇదో పర్మినెంట్ చేస్తాము, అదో చేస్తాము అంటానే మూడేండ్లు ఈడ్చినారు. అప్పురం గేట్లో కార్డు పెరుక్కొని పొమ్మన్నారు. ఇప్పుడు నా పెండ్లాం పోతాది, ఫోన్లు చేసే కంపెనీకి. తెల్లారక ముందే బస్సు వచ్చి ఎత్తుకొని పోతాది. ఈడ ఊరూరికీ ఆ బస్సులే." మలుపు తిప్పుతూ, "మీరు పోయే పట్టరై మూసేసినారే, దేనికి పోతారు?" అన్నాడు.

వర్క్‌షాపును అక్కడ పట్టరై అంటారు, తర్వాత అనడానికి అప్పురం అంటారు. మెషీన్ కొనడానికని చెప్పాను.

షెడ్డు మాదానికంటే పెద్దది. ముందు వేపచెట్టు, పక్కనే రెండు గదుల ఇల్లు. తలుపు దగ్గర ఎదురొచ్చింది సరోజమ్మ. యాభై ఐదేళ్లు ఉండొచ్చు, నూలు చీర, కళ్లద్దాలు. షెడ్డు లెక్కలు, ఆర్డర్లు, జనంతో మాటలు అన్నీ ఆమె చూసుకునేది. మెషీన్ల పని ఆమె భర్త రంగసామిది. ఆయన లోపల ప్రెస్ పక్కన స్టూలు వేసుకుని, నూనె గుడ్డతో దాని పక్కలు తుడుస్తున్నాడు. నన్ను చూసి ఒకసారి తలూపి మళ్లీ పనిలో పడ్డాడు. ఆయన కుడిచేతికి చూపుడు వేలు, మధ్యవేలు సగం వరకే ఉన్నాయి. ప్రెస్ షాపుల్లో అలాంటి చేతులు చూడటం నాకు కొత్త కాదు.

"కరెంటు లేదు మా" అంది సరోజమ్మ. "నెలకొకసారి లైన్లు బాగు చేసేదానికి పొద్దున తీసినారంటే సాయంత్రందాకా రాదు. బ్రోకరుకు చెప్పినాను, నీకు చెప్పలేదా ఆయప్ప?"

చెప్పలేదు. జనరేటర్ ఉందా అని అడిగాను.

"ఉండె. మొదట అమ్మింది దాన్నే."

నడవని ప్రెస్‌ను చూసి ఏం కొంటాం. కరెంటు వచ్చేదాకా ఆగుతానన్నాను. ఈలోగా చూడగలిగినంత చూద్దామని షెడ్డంతా తిరిగాను. ఖాళీ అయిన చోటుకు ఒక రకమైన వాసన ఉంటుంది, పాత నూనె, తుప్పు, ఎలుకలు. గోడకు తగిలించిన పనివేళల బోర్డు మీద పేర్లు తుడిచేసి ఉన్నాయి. మెషీన్లు విప్పిన చోట సిమెంటు నేల మీద కోసేసిన బోల్టుల మొండి ముక్కలు. ప్రెస్ మాత్రం చక్కగా ఉంది. బల్ల మీద గీతలు తక్కువ, పక్కనున్న పెద్ద చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. ఇది మాకు సరిపోతుందని లోలోపలే అనుకున్నాను.

మూలన తుక్కు డబ్బాలో ఇంకా కొంత మిగులు రేకు ఉంది. ఇది మా పనిలో లేనివాళ్లకు చెప్పాలి. రేకు పట్టీని ప్రెస్ కింద పెట్టి కొడితే కావలసిన ముక్క కిందికి పడిపోతుంది, దాని ఆకారంలో కన్నాలున్న పట్టీ మిగులుతుంది. ఆ మిగులును చూస్తే అక్కడ ఏం తయారయ్యేదో తెలిసిపోతుంది. ఒక పట్టీ తీసి వెలుగులో పెట్టి చూశాను. కింది భాగం వెడల్పుగా, పైకి పోయేకొద్దీ మెడలా సన్నబడి, ఒక పక్కకు వంగిన ఆకారం. మెడ దగ్గర రెండు చిన్న గుండ్రటి కన్నాలు. ఆ డ్రాయింగు నా ఫోన్‌లో ఉంది. తీసి పోల్చి చూడాల్సిన అవసరం కూడా రాలేదు, నెల రోజులుగా అది నా కళ్ల ముందే ఉంది. మేము ఒప్పుకున్న బ్రాకెట్ అదే.

పట్టీని డబ్బాలో పెట్టేసి బయటికి వచ్చాను. సరోజమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "తినేదానికి రా" అంది.

సంగటి, ఉలవచారు, మెదిపిన ఆకుకూర. మా ఇంట్లో తిన్నట్టే ఉంది. ముగ్గురం కింద కూర్చున్నాం. రంగసామి ఎడమచేత్తో గిన్నెలు జరుపుతూ, మిగిలిన వేళ్లతో చకచకా తింటున్నాడు. సరోజమ్మ నాకు చారు పోస్తూ మామూలుగానే అంది.

"ఆ రేకు చూసినావు గదా."

"చూశానక్కా."

"చూస్తావనుకొంటి. దాన్ని దాచలే. దాచేదానికి ఏముండాది?"

"మీ ఆర్డరే మాకు ఇచ్చారని తెలీదక్కా. ఎవరూ చెప్పలేదు."

"నీకెట్ల చెప్తారు. మాకూ చెప్పలే. పోయినేడు రేటు తగ్గించమనిరి, తగ్గిస్తిమి. దానికి ముందేడూ తగ్గిస్తిమి. ఇనుము రేటు పెరగతా ఉంటే, ఈ తట్టు మన రేటు దిగతా ఉండాల. అదేం లెక్కో. ఈసారి ఇంకా దింపమంటే కాదంటిమి. వారం తిరగలే, వ్యాన్ తెచ్చి అచ్చులు ఎత్తుకొని పోయినారు."

రేకును ఆ ఆకారంలో కోసే ఉక్కు అచ్చులు ఆర్డరు ఇచ్చే కంపెనీవే. వాటిని మా దగ్గర పెడతారు, మేము మా ప్రెస్‌లో బిగించి కొడతాం. అచ్చులు తీసుకెళ్లిపోతే ఆర్డరు పోయినట్టే. ప్రెస్ మాత్రం మన అప్పుతో కొన్నది కాబట్టి మనతోనే ఉంటుంది.

"ఆ అచ్చు చిన్న ప్రెస్‌లో కూర్చోదు" అంది సరోజమ్మ. "ఎవురు ఒప్పుకొన్నా ఈ సైజు ప్రెస్ కోసరం వెతకాల. పాత ఇనుము కొనే సేటు వచ్చి వచ్చి పోయినాడు, ఈయన ఇయ్యలే. ఉండు, ఎవురో ఒకరు వస్తారు, చూస్తామనె."

"చూసి ఏం చేద్దామని?"

"ఏం చేస్తాము. ఆ రేటుకు ఒప్పుకొనింది ఎవురో, వాళ్ల మొగం చూడాలని ఉండె." ఆమె గొంతులో కోపం లేదు. "నిజం చెప్పు మా. ఎట్ల చేస్తావు ఆ రేటుకు? మాకు తెలియని ఉపాయం ఏమన్నా ఉంటే నేర్చుకొంటాను."

ఉన్నదున్నట్టు చెప్పాను. షెడ్డు మా సొంతం, అద్దె లేదు. మేమిద్దరం జీతం రాసుకోం. ఆదివారాలు కూడా మా ఆయన మెషీన్ మీద నిలబడతాడు. ప్యాకింగ్ మా అత్తగారు చేస్తారు.

"మేమూ జీతం రాసుకోలే" అంది సరోజమ్మ. "మా అత్త గూడ ప్యాకింగ్ చేసింది, కండ్లు కనపడినన్నాళ్లు."

అప్పటిదాకా మాట్లాడని రంగసామి కంచంలో చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూశాడు.

"నువ్వు లెక్క వేసేటప్పుడు గంటకు ఎన్ని ముక్కలు వేసినావు?"

చెప్పాను.

"అంత రాదు. పెడల్ తొక్కితే వస్తాది. నేను బటన్లు పెట్టిండాను."

బటన్ల సంగతి కొంచెం చెప్పాలి. ప్రెస్‌ను కాలితో తొక్కే పెడల్‌తో నడిపితే పని వేగంగా సాగుతుంది. కాలు తొక్కే సమయానికి చెయ్యి ఇంకా అచ్చు కింద ఉంటే మాత్రం వేళ్లు పోతాయి. రెండు చేతుల బటన్లుంటే రెండింటినీ ఒకేసారి నొక్కితే గానీ ప్రెస్ దిగదు. అంటే రెండు చేతులూ బయటే ఉంటాయి. అయితే ప్రతి ముక్కకూ చేతులు వెనక్కి తేవాలి, అందుకని లెక్క పడిపోతుంది. రంగసామి వేళ్లు వయసులో ఉన్నప్పుడు వేరే ఎవరి దగ్గరో పనిచేస్తూ పెడల్ ప్రెస్ కింద పోయాయి. సొంత షెడ్డు పెట్టుకున్నాక ప్రతి ప్రెస్సుకూ ఆయనే బటన్ల పెట్టె బిగించుకున్నాడు.

"రేటు దించమన్నప్పుడు కంపెనీ నుంచి ఒక పిల్లోడు, ఇంజనీరు, వచ్చినాడు" అన్నాడు రంగసామి. "పక్కన నిలబడుకొని టైం చూసినాడు. ఈ బటన్లు లేకుంటే మీ లెక్క సరిపోతాది గదా సార్ అన్నాడు. కాగితంలో రాయలే, నోటితోనే చెప్పినాడు. నేను ఈ చెయ్యి చూపించినాను. సారీ సార్ అన్నాడు. అప్పురం రేటు మాత్రం అదే పంపించినారు."

చెయ్యి కడుక్కుని వేపచెట్టు కిందికి వచ్చి, మాకు ఆర్డరు ఇచ్చిన పర్చేజ్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఈ రేటుకు గిట్టుబాటు కాదనీ, కొంచెమైనా పెంచమనీ అడిగాను. ఆయన ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. "మేడమ్, మీరు ఒప్పుకున్నాకే కదా అచ్చులు మీకు రాసింది. ఇప్పుడు పెంచమంటే నేను పైవాళ్లకు ఏం చెప్పను? మీరు కాదంటే ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు. మీ మిగతా పనులు కూడా మన దగ్గరే ఉన్నాయి, అది కూడా ఆలోచించుకోండి" అన్నాడు. బెదిరింపని చెప్పలేం. వాతావరణం ఎలా ఉందో చెప్పినట్టు చెప్పాడు.

మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఇప్పుడు వెనక్కి తగ్గితే ఉన్న పనులు కూడా తీసుకుపోతారు. ప్రెస్ బాగుంటే మాట్లాడి రా. బటన్ల సంగతి ఇంటికొచ్చాక చూద్దాం" అన్నాడు.

ఎండ కొంచెం తగ్గాక కరెంటు వచ్చింది. షెడ్డులో ఫ్యాన్లు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి, ఎవరూ లేని గదిలో. రంగసామి ప్రెస్ ఆన్ చేశాడు. ఫ్లైవీల్ వేగం అందుకునేదాకా దాని చప్పుడు వింటూ తల వంచి నిలబడ్డాడు. కంపెనీ అచ్చులు లేవు కాబట్టి మామూలు చదును అచ్చు ఒకటి బిగించి, తుక్కు రేకు పెట్టి కొట్టి చూపించాడు. నన్ను కూడా కొట్టమన్నాడు. రెండు చేతులూ పెట్టి నొక్కాను. ప్రెస్ గట్టిగా, శుభ్రంగా దిగింది. వెతికినా వంక దొరకలేదు.

బేరం పెద్దగా సాగలేదు. వాళ్లు ఎక్కువ చెప్పలేదు, నాకు తగ్గించమని అడగడానికి నోరు రాలేదు. అడ్వాన్సు ఇచ్చాను. బటన్ల పెట్టె కూడా ప్రెస్‌తోనే ఇస్తారా అని అడిగాను.

"ఇస్తాను" అన్నాడు రంగసామి. "నువ్వు తీసేస్తావు."

"తియ్యనన్నా."

"మొదటి నెల తియ్యవు. అప్పురం తీస్తావు. తప్పని చెప్పేదానికి రాదు. నీ మీద ఉండే బరువు అట్లాంటిది."

సరోజమ్మ ఆటో కోసం మాదేష్‌కే ఫోన్ చేసింది, ఆ ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఆటో వచ్చేలోగా, నేను వెళ్లిన చోట్ల గురించి తెలుగులో రాస్తుంటానని ఆమెతో చెప్పాను. ఇది కూడా రాయవచ్చా అని అడిగాను.

"రాసుకో. పేర్లు మాత్రం మార్చు. ఈడ తెలుగు చదివేది ఎవురు, మాకేమో రాదు" అంది. తర్వాత, "ఇంక మీరేం చేస్తారక్కా" అని నేను అడిగితే, షెడ్డును గోడౌనుకు అద్దెకు ఇస్తున్నామంది. కొరియర్ కంపెనీవాళ్లు చూసి వెళ్లారట. "సరుకు చేసేదానికన్నా సరుకు పెట్టుకొనేదానికే ఎక్కువ ఇస్తారు. ఈయన్ని వాచ్‌మన్‌గా ఉండమన్నారు. ఉంటాడు. మెషీన్ లేని పట్టరైలో కూర్చుంటాడు, ఏం చేస్తాము." పేర్లు ఆమె కోరినట్టే మార్చాను.

ఐదు గంటల బస్సుకు బెంగళూరు బయలుదేరాను. హోసూరు దగ్గర మళ్లీ అవే ఫ్యాక్టరీలు. షిఫ్టు మారే వేళ, గేట్ల ముందు బస్సులు బారులు తీరి ఉన్నాయి, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, అంతా పాతికేళ్లలోపు పిల్లలు. పొద్దున చూసినప్పటి సంతోషం మాత్రం రాలేదు.

వారం తర్వాత లారీలో ప్రెస్ హిందూపురం చేరింది. బటన్లతోనే పని మొదలుపెట్టాం. మొదటి నెల లెక్క తగ్గింది, రెండో నెల ఇంకా తగ్గింది. లోటు పూడ్చడానికి సాయంత్రాలు నేను కూడా ప్రెస్ మీద నిలబడ్డాను. కంపెనీ నుంచి ఇంజనీరు ఒకతను వచ్చి, పక్కన నిలబడి టైం చూసి, ధర్మపురిలో అన్న మాటే మా దగ్గరా అన్నాడు. కాగితంలో రాయలేదు. ఆ రాత్రి మా ఆయనకూ నాకూ గొడవైంది. ఆయన పెడల్ పెట్టమనలేదు, పెట్టొద్దని కూడా అనలేదు. నువ్వే చెప్పు అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు నరసింహులు వచ్చాడు. ఆ ప్రెస్ నడిపేవాడు అతనే, మా దగ్గర ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. "అక్కా, ఆ బటన్లు తీసేసి పెడల్ పెట్టండి. నేను జాగ్రత్తగానే చేస్తాను. చేతులు నావి. ఆర్డరు పోతే నేనెక్కడికి పోవాల?" అన్నాడు. రంగసామి చెయ్యి ఎలా ఉంటుందో చెప్పాను. విన్నాడు. "వేళ్లు పోయినా ఆయనకు సొంత షెడ్డన్నా ఉండె కదక్కా" అన్నాడు.

మేము పెడల్ పెట్టలేదు. ఈ రేటుకు ఇక చేయలేమని కంపెనీకి రాశాం. వాళ్లు మర్యాదగానే జవాబు రాశారు, అచ్చులు సిద్ధంగా ఉంచమని. వ్యాన్ వచ్చి తీసుకెళ్లింది. దాంతోపాటు మిగతా పనుల్లోనూ ఒకటి పోయింది. నరసింహులుకూ ఇంకో కుర్రాడికీ పని లేదని చెప్పాల్సి వచ్చింది. ప్రెస్ మీద ఇప్పుడు వ్యవసాయ పనిముట్ల రేకులు కొడుతున్నాం, వారంలో సగం రోజులు. నరసింహులు ఊరవతల ఇంకో షెడ్డులో చేరాడు. అక్కడ పెడల్ మీదే చేస్తున్నాడని ఎవరో చెప్పారు. కలిసినప్పుడు అడగలేదు. అతని చేతుల వైపు మాత్రం చూశాను.

దేశంలో తయారీ రంగానికి మంచి రోజులని పేపర్లలో రోజూ చదువుతున్నాను. అబద్ధమని అనను, హోసూరు రోడ్డు మీద ఆ ఫ్యాక్టరీలను నా కళ్లతో చూశాను. అయితే పెద్ద గేటు లోపల ఖర్చులో తగ్గిన ప్రతి రూపాయీ ఎక్కడో ఒక చిన్న షెడ్డులో తగ్గినదే. అక్కడ తగ్గించడానికి ఇంకేమీ మిగలనప్పుడు మనుషుల చేతుల దగ్గరికి వస్తుంది. మేము కాదన్నంత మాత్రాన ఆ బ్రాకెట్ ఆగలేదు, ఎవరో కొడుతున్నారు. రేపు రోడ్లన్నీ కరెంటు బండ్లతో నిండితే సైలెన్సరే ఉండదు, అప్పుడు ఆ బ్రాకెట్ కోసం పోయిన షెడ్లు, వేళ్లు ఎందుకు పోయాయో చెప్పడానికి కూడా ఏమీ ఉండదు. మేము మంచిపని చేశామని కొందరు స్నేహితులు అన్నారు. ఇద్దరు మనుషుల జీతం పోగొట్టి చేసిన మంచిపనిని ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు. సరోజమ్మకు ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను, ఇంకా చేయలేదు.

పాత ప్రెస్ కొనడానికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కరెంటు ఉన్నప్పుడే వెళ్లి, రెండు బటన్లలో ఒకదాన్నే నొక్కి చూడండి. తర్వాత రెండోదాన్ని విడిగా నొక్కి చూడండి. ఏ ఒక్కదానికి ప్రెస్ దిగినా, అది బాగయ్యేదాకా దాని ముందు ఎవరినీ నిలబెట్టకండి.